పేటెంటు ఎవరికి? ప్రయోజనం ఎవరికి?

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం మిత్రులు ఇద్దరు తిరుమలగిరిలోని మా ఇంటికి వచ్చి అడిగారు. "దేన్ని గురించి వ్రాయమంటారు?" అన్నాను. "మీ ఇష్టం సార్. కాకపోతే ఇప్పుడు కాలేజీలల్ల అంతా పేటెంట్ల మాటే నడుస్తున్నది. దాని మీద నాలుగు మంచి మాటలు వ్రాస్తే బాగుంటది" అన్నారు. సరే అన్నాను. మంచి మాటలే వ్రాద్దామని కూర్చున్నాను. కాని మంచి మాటలు వేరు, మెప్పు మాటలు వేరు గదా! కనుక ఈ వ్యాసంలో కొందరికి రుచించని సంగతులు ఉంటే పెద్ద మనసుతో మన్నించాలని మొదటే కోరుతున్నాను.

నేను పేటెంట్ల వకీలును కాను. ఈ కళాశాలలోనే చదువుకొని, ముప్పై యేండ్లు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి, రిటైరై, సొంత ఊరు చేరిన వాణ్ణి. ఈ విషయం మీద నాకు పట్టుదల కలగడానికి కారణం పుస్తకం కాదు, మా మేనమామ. అందుచేత మొదట ఆయన సంగతి చెబుతాను.

మామ చేసిన రెక్క

తిరుమలగిరిలో, సూర్యాపేట నుండి జనగాం పోయే రోడ్డు మీద, మా మామకు ఒక చిన్న మోటరు వైండింగు షాపు ఉండేది. ముందు రేకుల పందిరి, లోపల రాగి తీగె చుట్టలు, వార్నీషు వాసన, గోడ పొడుగునా వరుసగా పడుకోబెట్టిన కాలిన మోటర్లు. చుట్టుపక్కల ఊళ్ల బోర్ల ఆరోగ్యం ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే ఆ గోడ చూస్తే చాలు.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చింది గాని, పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. అర్ధరాత్రి కరెంటు వస్తే రైతు టార్చిలైటు పట్టుకొని బాయి కాడికి పోవాలె. పాము కాటుకు పోయినవాళ్లు, తడి చేతులతో స్టార్టరు ముట్టుకొని షాకు కొట్టి పోయినవాళ్లు మన జిల్లాలో ఎందరో! అందుకనే రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే నడుస్తుంది. రైతు ఇంటి వద్దనే కన్ను మూయవచ్చు. ఎంత మేలు!

ఆ మేలు వెనుకనే ఒక కీడు దాగి ఉంది. బోరులో నీళ్లు అయిపోయిన సంగతి మోటరుకు తెలియదు. బోరు మోటరు తన చుట్టూ ఉన్న నీళ్లతోనే చల్లబడుతుంది. నీళ్లు లేకుండా ఉత్తగ తిరిగితే వేడెక్కి వైండింగు కాలిపోతుంది. మనిషి దగ్గర ఉంటే పైపు నుండి గాలి చప్పుడు విని ఆపుతాడు. ఆటో స్టార్టరుకు చెవులు లేవు. తెల్లారి రైతు పోయి చూసేసరికి కథ ముగిసి ఉంటుంది. ఇక పైపులు విప్పాలె, మోటరును పైకి గుంజాలె, ఆటోలో వేసుకొని మామ షాపుకు తేవాలె. వైండింగు అయ్యేదాకా చేను ఎండుతుండాలె.

ఒక ఎండాకాలం సెలవుల్లో షాపుకు పోతే మామ నాకొక వస్తువు చూపించాడు. పైపు మూతి వద్ద కట్టే ఒక రేకు రెక్క. నీళ్లు దూకుతున్నంత సేపు రెక్క లేచి ఉంటుంది. నీళ్లు ఆగితే కిందికి పడుతుంది. పడ్డప్పుడు దానికి కట్టిన చిన్న స్విచ్చు స్టార్టరు కాయిలుకు పోయే కరెంటును తెంపుతుంది, మోటరు ఆగుతుంది. "మరి మోటరు మొదలైన కొత్తల నీళ్లు పైకి వచ్చేదాకా రెక్క పడే ఉంటది గదా మామా, అప్పుడు మోటరు నడవనే నడవదు" అన్నాను లెక్చరరు దర్పంతో. మామ నవ్వి పక్కనున్న పాత టైమరు చూపించాడు. మొదటి రెండు నిమిషాలు రెక్క మాట చెల్లదు. ఆ తర్వాత నీళ్లు వస్తుంటేనే మోటరు, లేకుంటే లేదు. మళ్లీ కరెంటు పోయి వచ్చేదాకా అది అట్లనే ఆగి ఉంటుంది.

"మామా, మోటర్లు కాలకుంటే నీ షాపు గతేంది?" అని అడిగాను.

"కాలిన మోటరు నా కడుపు నింపుతది నిజమే అల్లుడా. కాని ఎండిన చేను ఇడిచిపెట్టి వచ్చిన రైతు మొఖం చూసుకుంట పైసలు లెక్కపెట్టుడు నాతోని అయితలేదు" అన్నాడు.

పది పదిహేను మందికి ఆ రెక్క కట్టి ఇచ్చాడు. రేకు, స్విచ్చు ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. తర్వాత ఒకనాడు పట్నం నుండి విడిభాగాలు అమ్మే మనిషి ఒకడు వచ్చి, చూసి, మెచ్చుకొని, చాయ తాగి, ఫోటోలు తీసుకొని పోయాడట. ఏడాది తిరగకముందే అటువంటిదే ఒక డబ్బాలో పెట్టి, పైన రంగు కాగితం అంటించి అమ్మకానికి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. "పేటెంటు చేయించి ఉంటే వాని పని పట్టేవాళ్లం" అని అరిచాను. మామకు ఆ మాట అర్థం కాలేదు. "అదేంది?" అన్నాడు.

తెరిచిన లేఖ

అదేమిటో నాకు మాత్రం సరిగ్గా తెలుసా? తెలియదని తర్వాత తెలిసింది. కోపం మీద వెతకడం మొదలుపెట్టాను. భారత పేటెంటు కార్యాలయం వారి దస్తావేజులు ఇప్పుడు ఎవరైనా కంప్యూటరులో రుసుము లేకుండా చూడవచ్చు. ఇతర దేశాలవి కూడా అంతే. వెతకగా వెతకగా నా కోపం నా మీదికే తిరిగింది. పారే నీటితో కదిలే రెక్క, ఆ రెక్కకు కట్టిన స్విచ్చు అనే ఊహ చాలా పాతది. మామ పుట్టకముందే బాయిలర్లకు, పైపులైన్లకు అటువంటివి వాడుతున్నారు. అంటే ఆ రెక్క మీద మామకు పేటెంటు రాదు. డబ్బాలో పెట్టి అమ్మినవానికీ రాదు. మహా అయితే టైమరుతో కలిపిన ఆ ఏర్పాటులో కొత్తదనం ఏదైనా ఉందా అని పరిశీలించవచ్చు, అంతే.

ఇక్కడ విద్యార్థి మిత్రులు ఒక సంగతి గమనించాలి. పేటెంటుకు మూడు పరీక్షలున్నాయి. అది లోకంలో ఎక్కడా ముందు వెల్లడి కానిదై ఉండాలి. ఆ విద్యలో ఆరితేరినవానికి కూడా సులభంగా తట్టనిదై ఉండాలి. పరిశ్రమలో తయారు చేయడానికో, వాడడానికో పనికి రావాలి. మూడూ దాటితే దరఖాస్తు పెట్టిన నాటి నుండి 20 ఏండ్లు ఇతరులు దాన్ని తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు ఇస్తారు. అయితే ఆ హక్కు ఉత్తగ ఇవ్వరు. తన ఉపాయాన్ని దాచకుండా, ఆ పని తెలిసినవాడు చదివి చేసుకోగలిగేటట్లు, తనకు తెలిసిన మేలైన పద్ధతితో సహా వ్రాసి ఇవ్వాలి. మన 1970 నాటి పేటెంట్ల చట్టం ఇది స్పష్టంగా చెబుతుంది. అసలు పేటెంటు అనే మాటకు లాటిను మూలంలో అర్థమే 'తెరిచి ఉన్నది' అని. పూర్వం రాజులు అందరూ చదువుకొనేటట్లు ముద్ర వేసి ఇచ్చిన తెరిచిన లేఖల నుండి వచ్చిన మాట అది.

అంటే పేటెంటు దాచుకొనే విద్య కాదు, బేరం. నువ్వు లోకానికి నీ ఉపాయం చెప్పు, లోకం నీకు కొంతకాలం గుత్తాధికారం ఇస్తుంది. గడువు తీరినాక అది అందరి సొత్తు. మన పనివాళ్లలో రెండు అలవాట్లున్నాయి. ఒకటి, కొడుక్కు కూడా చెప్పకుండా దాచడం. రెండవది, చాయ తాగి అడిగినవానికల్లా చెప్పడం. మొదటి దానితో విద్య మనిషితో పాటే మట్టిలో కలుస్తుంది. రెండవ దానితో విద్య మిగులుతుంది గాని మనిషి పేరు మట్టిలో కలుస్తుంది. మా మామ రెండవ రకం.

ఎవరి చేతికి విశ్రాంతి?

మనదేశంలో పేటెంట్ల చరిత్ర ఒక పంకాతో మొదలైందంటే నమ్ముతారా? 1856లో ఇక్కడ మొదటి చట్టం వచ్చింది. ఆ ఏడు మార్చి 3న కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఇంజనీరు మొదటి దరఖాస్తు పెట్టాడు. దేనికి? పంకా లాగే యంత్రానికి! ఆ రోజుల్లో దొరల బంగళాల్లో కప్పుకు గుడ్డ పంకా వేలాడేది. గది బయట నేల మీద కూర్చొని ఒక కూలివాడు పగలూ రాత్రీ తాడు లాగుతుంటే లోపల దొరకు గాలి వచ్చేది. ఆ తాడు లాగడానికి యంత్రం కనిపెట్టానని డిపెన్నింగ్ దరఖాస్తు. 14 ఏండ్లకు హక్కు ఇచ్చారు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకొక ప్రశ్న పుడుతుంది. ఆ యంత్రం ఎవరి మేలు కోరి చేసింది? కూలివాని చేయి నొచ్చిందనా, లేక కూలివాడు నిద్రపోతే దొరకు చెమట పడుతుందనా? కూలివాని చేతికి విశ్రాంతి దొరికితే మంచిదే. కాని ఆ చేతికి కూలి కూడా దొరకకుండా పోతుంది గదా! కొత్త యంత్రం వచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్న వేసుకోవాలి: విశ్రాంతి ఎవరి చేతికి, లాభం ఎవరి చేతికి?

ఆటో స్టార్టరుకు కూడా ఇదే ప్రశ్న. ఒక్క రైతు పెట్టుకుంటే అతనికి మేలు. ఊరంతా పెట్టుకుంటే కరెంటు రాగానే అన్ని మోటర్లు ఒక్కసారి మొదలై ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడుతుంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసివేయమని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చింది. రోజంతా మోటరు దానంతట అది నడిస్తే భూమిలో నీళ్లు మిగలవని భయం. ఒకప్పుడు ప్రాణం కాపాడిన వస్తువే ఇంకొకప్పుడు బోర్లు ఎండగొట్టేదయింది. వస్తువు మారలేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. ఇది పేటెంటు కాగితంలో కనిపించదు. మనమే చూడాలి.

తల్లి భుజం నొప్పి

ఇక మన పాత నల్లగొండ జిల్లా గర్వపడవలసిన సంగతి. తిరుమలగిరి నుండి మోత్కూరు, ఆలేరు దిక్కుగా పోతే శారాజిపేట అనే ఊరు వస్తుంది. చింతకింది మల్లేశం ఆ ఊరి చేనేత కుటుంబంలో పుట్టాడు. పేదరికం వల్ల చిన్నతనంలోనే చదువు ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోసేది.

ఆసు అంటే ఏమిటో పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. పోచంపల్లి చీరలో పువ్వులు, రేఖలు నేత తర్వాత అద్దినవి కావు. నేయకముందే నూలును, పట్టును లెక్క ప్రకారం చిటికి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. అట్లా కట్టడానికి ముందు దారాన్ని వరుసలుగా పేర్చాలి. ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. వాటి మధ్య మీటరు దూరంలో దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు! రోజుకు రెండు చీరలు పోస్తే 18,000 సార్లు చేయి ఆడాలి. చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. ఒక్క మేకు తప్పితే రూపమే చెడుతుంది. ఈ పని చేసేది ఆడవాళ్లు. మగ్గం మీద నేసిన దానికి లెక్క కడతారు గాని, ఇంట్లో ఆసు పోసిన ఇల్లాలి భుజానికి లెక్క ఎవరు కట్టారు?

"ఇగ నాతోని కాదు బిడ్డా" అనే తల్లుల మాట ఆ ఇండ్లలో వినబడుతూనే ఉంటుంది. మల్లేశం ఆ బాధ చూస్తూ పెరిగాడు. 1992 ప్రాంతంలో మొదలుపెట్టి, కట్టెలతో, మోటర్లతో, గేర్లతో తంటాలు పడ్డాడు. ఊళ్లో నవ్వారు. హైదరాబాదు పోయి కరెంటు పనులు చేస్తూ, వచ్చిన డబ్బు మళ్లీ యంత్రానికే పెట్టాడు. చివరకు బాలానగరులో ఒక యంత్రం కదలిక చూసినప్పుడు తనకు అంతుపట్టని మెలిక విడిపోయింది. 1999లో యంత్రం పూర్తి అయింది. చీరకు నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. యంత్రానికి తల్లి పేరు పెట్టాడు: లక్ష్మి ఆసు యంత్రం.

హైదరాబాదులోని 'పల్లె సృజన' సంస్థ, అహ్మదాబాదులో 2000లో మొదలైన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండగా నిలిచాయి. పేటెంటు వచ్చింది. వందల యంత్రాలు నేత ఇండ్లకు చేరాయి. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమా అయింది. ఇవన్నీ చాలామందికి తెలుసు. నేను చెప్పదలచుకున్నది వేరు. మల్లేశం కనిపెట్టింది యంత్రాన్ని అంటారు. యంత్రం కన్నా ముందు ఆయన కనిపెట్టింది ఒక నొప్పిని. ఆ నొప్పి ప్రతి నేత ఇంట్లో ఉన్నదే. అందరూ చూసిందే. "ఆసు అంటే అంతే" అని వదిలేసిందే. చూసి ఊరుకోకపోవడమే ఆయన గొప్పతనం.

హక్కు ఒక్కటే అన్నం పెట్టదు

అయితే పేటెంటు వస్తే చాలు బతుకు బాగుపడుతుందని అనుకోరాదు. నేత చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. తాడు గుంజితే దానంతట అదే పరుగెత్తే నాడె ఇవాళ మన మగ్గాలన్నింటికీ ఉంది. దాన్ని కనిపెట్టిన ఇంగ్లండు వాడు జాన్ కే. 1733లో పేటెంటు తీసుకున్నాడు. బట్టల తయారీదారులు వాడుకున్నారు గాని డబ్బు కట్టలేదు. పైగా అందరూ సంఘంగా ఏర్పడి వ్యాజ్యాల ఖర్చు పంచుకున్నారు! కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ఉన్నదంతా పోగొట్టుకొని కే ఫ్రాన్సుకు వెళ్లిపోయాడు. మనం రోజూ వాడే పిన్నీసు సంగతి చూడండి. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ దానికి పేటెంటు తీసుకొని, ఒక చిన్న అప్పు తీర్చడం కోసం హక్కునంతా 400 డాలర్లకు అమ్ముకున్నాడు. హక్కు కాగితం మీద ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి డబ్బు, ఓపిక, వెనుక నిలబడే మనుషులు కావాలి. మల్లేశానికి ఆ మనుషులు దొరికారు. అందరికీ దొరకరు.

కొందరు మిత్రులు ఇంకో వైపు నుండి వాదిస్తారు. "విద్య అమ్ముకోరాదు. జగదీశ్ చంద్ర బోస్ వంటి మహానుభావుడు పేటెంట్ల మీద ఆసక్తి చూపలేదు. మనకెందుకు?" అంటారు. బోసుగారు ఇష్టపడలేదన్నది నిజమే. ఆయినా మిత్రుల బలవంతం మీద 1904లో ఆయన పేరు మీదా ఒక అమెరికా పేటెంటు వచ్చింది. బోసుగారికి ప్రొఫెసరు ఉద్యోగం ఉంది, ప్రపంచంలో పేరు ఉంది. షాపు నడిస్తేనే పొయ్యి వెలిగే మెకానిక్కును త్యాగం చేయమనడానికి, నెల నెలా జీతం తీసుకున్న నాకు ఏం హక్కుంది? ఇచ్చేవాడు తెలిసి ఇస్తే అది దానం. తెలియక పోగొట్టుకుంటే అది నష్టమే.

అట్లాగని పేటెంటు దైవశాసనమూ కాదు. ప్రజల అవసరం ముందు అది తలవంచాలని మన చట్టమే చెబుతుంది. 2012 మార్చిలో హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీకి ఒక క్యాన్సరు మందు విషయంలో దేశంలో మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు ఇచ్చినప్పుడు, నెలకు రెండు లక్షల 80 వేల రూపాయలున్న మందు 8,800కు వచ్చింది. పేటెంటు అనేది సమాజం ఇచ్చిన హక్కు. సమాజానికి ఉపయోగపడినంత వరకే దానికి గౌరవం.

లెక్క కోసం పేటెంట్లు

ఇక మనసులోని అసలు మాటకు వస్తాను. 2023-24లో మనదేశంలో 92 వేలకు పైగా పేటెంటు దరఖాస్తులు పడ్డాయి. లక్షకు పైగా పేటెంట్లు మంజూరయ్యాయి. సంతోషమే. 2021 నుండి విద్యాసంస్థలకు రుసుములో 80 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. దానితో కాలేజీల్లో ఒక కొత్త సంబరం మొదలైంది. గుర్తింపు సంఘాలు వస్తే చూపడానికి, ర్యాంకుల పట్టికలో మార్కులు పడడానికి, ప్రమోషన్లకు పేటెంట్లు కావాలి. ఎట్లా అయినా సరే కావాలి!

దరఖాస్తు పెట్టిన 18 నెలలకు, కోరితే ఇంకా ముందే, దాన్ని పత్రికలో ప్రచురిస్తారు. అది పరీక్ష కాదు, కేవలం ప్రకటన. కొన్ని చోట్ల ఆ ప్రచురణ కాగానే పూలదండలు, ఫ్లెక్సీలు, "మా అధ్యాపకులకు పేటెంటు" అని పత్రికల్లో వార్తలు. ప్రచురణ అయింది పేటెంటు కాదు మిత్రులారా! పరీక్ష కోరాలి. పరిశీలకుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నిలబడితే అప్పుడు మంజూరు. పరీక్షకు ఫీజే కట్టకుండా మధ్యలో వదిలేసిన దరఖాస్తును హాలుటికెట్టు చూపి ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పుకోవడంతో పోల్చవచ్చు. ఒక్క వస్తువు తయారు కాకుండా, ఒక్క మనిషి నొప్పి తగ్గకుండా, ఐదారుగురి పేర్లతో కాగితాలు దాఖలు చేస్తే ఎవరికి లాభం?

ఇంకోవైపు మన విద్యార్థులు చేసే ప్రాజెక్టుల గతి చూడండి. మూడు నెలలు కష్టపడతారు. వైవా అవుతుంది. ఆ తర్వాత అది ప్రయోగశాల బీరువా మీద దుమ్ము పడుతుంది. మరుసటి ఏడు దాని మోటరు ఊడదీసి ఇంకొకరు వాడుకుంటారు. వాటిలో ఒకటి రెండు నిజంగా పనికొచ్చేవి ఉంటాయి. అడిగేవాడు లేడు.

మనం చేయగలిగింది

ఊరికే తప్పులెంచి ఊరుకోవడం పెద్దమనిషి తరహా కాదు. కాబట్టి విద్యార్థి సంఘం ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది. గడువు తీరిన పేటెంట్లు ఎవరి ఆస్తీ కాదు. పంపులు, కవాటాలు, గింజలు ఒలిచే యంత్రాలు, పొయ్యిలు, తాళాలు, మిల్లు భాగాలు, వందేండ్ల పనివాళ్ల తెలివి అంతా బొమ్మలతో సహా అందులో ఉంది. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. అంత పెద్ద ఉచిత గ్రంథాలయం ఇంకొకటి లేదు. కాని అదంతా ఇంగ్లీషు. మన దేశంలో దరఖాస్తు కూడా ఇంగ్లీషులోనో హిందీలోనో పెట్టాలి, తెలుగులో పెట్టే వీలు లేదు. కనుక వారానికొక సాయంత్రం మన కళాశాలలో పేటెంటు పఠనం పెట్టండి. ఊరి మెకానిక్కులను, వెల్డింగు పనివాళ్లను, కమ్మరి, వడ్రంగులను పిలవండి. మీరు ఒక పాత పేటెంటు చదివి తెలుగులో చెప్పండి. వాళ్లు విని "గిది ఇట్ల కాదు, గట్ల చేస్తే ఇంకా నయం" అంటారు. చూస్తుండండి, ఆ మాటే కొత్త పేటెంటుకు మొదలు.

రెండవది. ప్రతి ప్రాజెక్టుకు ముందు రెండు కాగితాలు వ్రాయాలని నియమం పెట్టుకోండి. మొదటి కాగితం మీద: ఇది ఎవరి నొప్పి? ఆ మనిషి దగ్గర కూర్చొని ఎంతసేపు చూశాను? రెండవ కాగితం మీద: ఇంతకుముందు లోకంలో ఎవరు ఏం చేశారు? మొదటి కాగితం లేకపోతే అది ఆట బొమ్మ. రెండవది లేకపోతే తెలిసిందే మళ్లీ కనిపెట్టడం.

మూడవది. నిజంగా కొత్తది దొరికిందనుకోండి, ఆత్రపడి ప్రదర్శనలో పెట్టకండి, ఫోనులో వీడియో తీసి నలుగురికీ పంపకండి. ముందు వెల్లడైతే కొత్తదనం పోయిందంటారు. తాత్కాలిక వివరణతో మొదట దరఖాస్తు పెట్టుకోవచ్చు. పూర్తి వివరణకు 12 నెలల గడువు ఉంటుంది. వ్యక్తులకు ఆన్‌లైనులో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు 4,000. మన దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి పోతాయి. రుసుము పెద్దది కాదు, వ్రాయడమే కష్టం. వ్రాసి పెట్టే ఏజెంట్ల ఫీజు పేదవాడు భరించలేడు. ఆ వ్రాతపనిలో చదువుకున్నవాళ్లం సాయపడాలి. ఆ పత్రంలో ఆవిష్కర్తగా మెకానిక్కు పేరే ఉండాలి. వ్రాసిపెట్టినంత మాత్రాన లెక్చరరు ఆవిష్కర్త కాడు.

నాలుగవది. యంత్రం వల్ల ఎవరి పని పోతుందో కూడా అడగండి. కూలి లేని చాకిరీని తగ్గించే యంత్రం ఒక రకం, కూలి దొరికే పనిని మింగే యంత్రం ఇంకో రకం. మొదటిదానికి జై కొడదాం. రెండవదాని విషయంలో ఆ కూలివాణ్ణే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడదాం. పంకా లాగినవాణ్ణి ఎవరూ అడగలేదు. మనమైనా అడుగుదాం.

చివరగా ఒక మాట

మా మామ ఇప్పుడు లేడు. షాపు ఉన్నచోట ఫోన్ల దుకాణం వచ్చింది. ఆయన చేసిన రెక్కల్లో ఒకటి కూడా నా దగ్గర లేదు. కనీసం దాని బొమ్మ లేదు. ఆయన మూడో తరగతి చదివినవాడు, వ్రాసి పెట్టుకోలేదు. కాని నేను చదువుకున్నవాణ్ణే గదా! ఫిజిక్సు లెక్చరరునే గదా! ఎన్ని సెలవుల్లో ఆ పందిరి కింద కూర్చొని చాయ తాగి ఉంటాను? ఒక్కనాడు కాగితం, పెన్సిలు తీసుకొని "మామా, దీన్ని గీసుకోనియ్యి" అనలేదు. పేటెంటు వచ్చేదో రాదో, అది వేరే సంగతి. వెతికి ఉంటే రాదని అప్పుడే తెలిసేది. ఆ వెతుకులాటలో మామకు పనికివచ్చేవి ఇంకో పది దొరికేవేమో. పట్నం వాణ్ణి దొంగ అని తిట్టాను. వాడు ఫోటో అయినా తీసుకున్నాడు. నేను అది కూడా చేయలేదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి సెలవులు వస్తాయి. మీమీ ఊళ్లకు పోతారు. బస్సు దిగిన చోట ఏదో ఒక షాపులో ఒకాయన నూనె చేతులతో ఏదో బిగిస్తూ ఉంటాడు. ఇంట్లో అమ్మ నడుం పట్టుకొని ఏదో ఒక పని మధ్యలో లేస్తుంటుంది. కొద్దిసేపు కూర్చొని చూడండి. అడగండి. గీసుకోండి. కాగితం, పెన్సిలు మరిచిపోకండి.

— ఒక పూర్వ విద్యార్థి, తిరుమలగిరి